పెద్దపల్లి రోడ్డుకు సరిపడే స్ప్రింగులు

మా బిడ్డ కారుకు రెండే తలుపులు. అందులోకి ఎక్కడం అంటూ ఉండదు, దిగడమే. ముందు నడుమును లోపలికి జారవేసి, తర్వాత కాళ్లను ఒక్కొక్కటిగా లాక్కోవాలి. వెనక కూడా సీటు ఉన్నదని కంపెనీవాళ్లు చెప్పుకుంటారు. అందులో కూర్చున్న మనిషి మోకాళ్లు గడ్డానికి తగులుతాయి. ఆ మనిషిని నేనే కాబట్టి సాక్ష్యం చెప్పగలను.

పెద్దపల్లిలో దాన్ని చూసిన ప్రతివాడూ నన్ను ఆపి, మన రోడ్లకు ఇది పనికొస్తదా అని అడిగాడు. రోడ్డు బాగాలేకపోతే రోడ్డు వేసినవాణ్ని అడగాలి గాని కారును అడుగుతారా? ప్రతి ఊరి ముందూ ఎవరికి వారు కంకర కుప్ప పోసి, దాని మీద ఇంత తారు పూసి, తెల్ల గీత కూడా గీయకుండా స్పీడ్ బ్రేకర్ అంటారు. అది స్పీడుకు బ్రేకు కాదు, మనుషుల నడుములకు బ్రేకు. అడగవలసిన చోట నోరు లేవదు, మా ఇంటి ముందు మాత్రం అందరికీ లేస్తుంది. అదే కారు ఒక మగపిల్లవాడు కొంటే సోకు అని నవ్వి ఊరుకునేవాళ్లు. కాలేజీలో లెక్కలు చెప్పే నలభై దాటిన ఆడమనిషి, ఎవరో వాడి వదిలేసిన స్పోర్ట్స్ కారును హైదరాబాద్ పోయి ఏరికోరి తెచ్చుకుంటే ఊరికి అరగలేదు.

నాకు అరిగింది. మొదటి రోజు అది మా గల్లీలోకి మలుపు తిరుగుతుంటే చూశాను. ముందు చక్రం వంగిన తీరు చూసి గడప దిగి ఎదురుపోయాను. బతుకంతా లారీల కింద పడుకున్న మనిషిని, ఇంత అందమైన ఇనుము నా ఇంటి ముందుకు వస్తుందని ఎన్నడూ అనుకోలేదు.

అది షెడ్‌లో దాచుకునే కారు కాదు. మా బిడ్డ రోజూ పొద్దున పెద్దపల్లి నుంచి కరీంనగర్ కాలేజీకి అందులోనే పోతుంది, సాయంత్రం అందులోనే వస్తుంది. దాని ధూళి మీద నా వేలితో గీత గీస్తే కోప్పడుతుంది గాని, ధూళి పట్టిందని బాధపడదు.

చిక్కు నా భార్య నడుముతో వచ్చింది. పెళ్లయిన కొత్తలో చాట ఒడిలో పెట్టుకుని బీడీలు చేయడం మొదలుపెట్టిన మనిషి, మొన్న మొన్నటిదాకా ఆ చాట దించలేదు. వంగి వంగి వెన్నులో డిస్కు జారింది. ఆపరేషన్ చేశారు. ఆ తర్వాత కరీంనగర్‌లోనే ఫిజియోథెరపీకి రమ్మన్నారు. బిడ్డ కాలేజీ అక్కడే కాబట్టి తల్లిని వెంట తీసుకుపోవడం మొదలుపెట్టింది. సుల్తానాబాద్ దాటాక ఒక ఊరి ముందు ఆ కంకర కుప్ప ఎక్కి దిగేసరికి నా భార్య పెట్టిన కేకకు వెనక సీట్లో నా పానం పోయినంత పనైంది.

"కారాపు బిడ్డా. నేను దిగుత."

"అవ్వా, మెల్లగనే పోనిచ్చిన గదనే."

"నువ్వు మెల్లగనే పోనిచ్చినవ్. గీ కారే మెల్లగ పోలే. నడుముల చీల దిగ్గొట్టినట్టయింది."

ఆ రోజు ఇంటికి బస్సులో వచ్చింది. బస్సు ఇంకా ఎక్కువ ఎగరేసింది గాని ఆ మాట ఒప్పుకోలేదు. ఇంటికి వచ్చాక ఇక ఆ కారులో కూర్చోనని తెగేసి చెప్పింది.

బిడ్డ గొడవ పడలేదు. పడితే బాగుండేదని నాకు అనిపించింది. కూరగాయలు తరుగుతూ, తల ఎత్తకుండానే అన్నది:

"కరీంనగర్ల గ్రానైట్ దందా జేసే ఆయన ఎప్పుడు కనవడ్డా కారు ఇస్తవా అని అడుగుతుండు బాపూ. ఇచ్చేస్త. ఎత్తు బండి ఏదన్న జూస్త. అవ్వ నడుముకంటె ఎక్కువనా."

మాట ఎంత సాఫీగా చెప్పిందో, ఆ తర్వాత బయటికి పోయి తడిగుడ్డతో ముందు దీపాలు అంత సేపు తుడిచింది. నేను కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. ఇంట్లో చాలామందికి పెట్టి, తనకంటూ ఏమీ అడగని మనిషి బతుకులో ఒక్కటంటే ఒక్కటి ఇష్టపడి కొనుక్కుంది. అది పోతుంటే చూస్తూ కూర్చోవడానికి నేను ఎందుకు? బయటికి పోయి అడిగాను.

"కోతలు అయ్యేదాక ఆగుతవా బిడ్డా?"

"ఆగి ఏం జేస్తవ్?"

"మీ అవ్వను కూసోబెడ్త."

నవ్వింది. కాని గ్రానైట్ ఆయనకు ఫోన్ చేసి, వరికోతలు అయ్యాక చెప్తానన్నది.

నా చదువు ఐదో తరగతితో ఆగింది. శ్రీరాంపూర్ గనుల దగ్గర బొగ్గు లారీలు నడిపాను, బాగు చేశాను. స్పేర్ పార్టుల డబ్బాల మీది అక్షరాలు చదివి ఇంగ్లీషు నేర్చుకున్నాను. ఒక పాత డిక్షనరీ నా సీటు కిందే ఉండేది. బళ్లో పదేళ్లు చదివినవాళ్లు ఆ డబ్బాను చదవలేక నా దగ్గరికి తెచ్చేవాళ్లు, తెచ్చి మళ్లీ నన్నే చదువురానివాడు అనేవాళ్లు. ఆ కోపం ఇంకా చల్లారలేదు, చల్లారాలని నాకు కూడా లేదు.

లారీ చదువు ప్రకారం నేను ముందుగా కారు మూల మీద చేయి వేసి గట్టిగా నొక్కి వదిలాను. మంచి బండి అయితే ఒకసారి లేచి నిలబడుతుంది. ఇది ఉయ్యాలలాగా ఊగింది. చక్రం వెనక చూస్తే షాకబ్జర్ మీద నూనె కారి, దాని మీద దుమ్ము పేరుకుపోయి నల్లగా ఉంది. షాకబ్జర్లు చచ్చిపోయాయి. స్ప్రింగులు కూడా వయసు మీద పడి కుంగాయి. అంతవరకు నేను చెప్పింది తప్పు కాదు. తప్పంతా తర్వాత మొదలైంది.

మా దిక్కున ఏ బండి కుంగినా ఒకటే వైద్యం. లారీ అయితే ఉక్కు పట్టీల కమాన్ కట్టలో ఇంకో పట్టీ వేస్తాం. కారు అయితే స్ప్రింగు చుట్టల మధ్య రబ్బరు ముద్దలు దూర్చి ఎత్తు పెంచుతాం. స్పీడ్ బ్రేకర్‌కు కడుపు తగలకపోతే చాలు, బండి బాగైనట్టే. కరీంనగర్‌లో అందరూ అదే చేస్తారు. ఆదిలాబాద్ నుంచి వచ్చి అక్కడ షెడ్ పెట్టుకున్న మేస్త్రీ కూడా అదే చెప్పాడు.

"రబ్బర్లు ఏస్తె ఫికర్ లేదు కాకా. ఎంత పెద్ద దిబ్బయినా ఎక్కుతది."

బిడ్డ వద్దన్నది. నేను వినలేదు. బొగ్గు మోసినవాణ్ని, నాకు తెలియదా అన్నాను. రబ్బర్లు వేయించాం. కారు రెండు వేళ్లు లేచింది. ఫిజియోథెరపీకి బస్సులో వచ్చిన నా భార్యను బతిమాలి, షెడ్ నుంచి బైపాస్ దాకా ఒక్కసారి కూర్చోబెట్టాం. రెండో స్పీడ్ బ్రేకర్ దగ్గరే తీర్పు వచ్చింది.

"ముందుగాల కుర్చీల కూసున్నట్టన్న ఉండె. గిప్పుడు రోకలి మీద కూసున్నట్టుంది. ఏమయ్యా, నా మీద గంత పగ ఎందుకు?"

షెడ్‌కు తిరిగి వచ్చి ఆ మాట చెబితే మేస్త్రీ నవ్వు ఆపుకోలేక జాకీ కోసం వంగాడు. నాకు అందరి మీదా కోపం వచ్చింది. రబ్బరు మీద, మేస్త్రీ మీద, ఆ కంకర కుప్ప పోసిన ఊరి మీద. బిడ్డ మాత్రం కోపం లేకుండా ఒక్క మాట అన్నది.

"కారు లేవాల్సిన పని లేదు బాపూ. చక్రం లేవాలె, అవ్వ లేవద్దు."

ఈ వయసులో నాకు ఎవరైనా ఒక మాట చెప్పి ఒప్పించగలరని అనుకోలేదు. స్ప్రింగు చుట్టల మధ్య రబ్బరు పెడితే చక్రం లేవడానికి చోటేది? లేవలేని చక్రం కారును లేపుతుంది, కారు మనిషిని లేపుతుంది. లారీలో లేచింది బొగ్గే కాబట్టి నాకు అన్నేళ్లు తెలియలేదు. బొగ్గు కేక పెట్టదు.

రబ్బర్లు తీయించి, కొత్త స్ప్రింగులు, కొత్త షాకబ్జర్లు వెతకడం మొదలుపెట్టాం. దుకాణాలవాళ్లతో ఫోన్లు మా బిడ్డ చేసేది, స్పీకర్ పెట్టి నాకు వినిపించేది. ఒకడు పొట్టి స్ప్రింగులు వేయండి మేడం, కారు నేలకు అతుక్కున్నట్టు కనపడుతుందన్నాడు. ఎవడికి కనపడాలి? కనపడటానికి కారు కొనే మనుషుల కోసం బతుకుతున్నాడు వాడు. ఇంకొకడు రేసులవాళ్లు వాడే రకం చెప్పాడు. మరలు తిప్పి ఎత్తు మార్చుకోవచ్చట, రాయిలాగా గట్టిగా ఉంటుందట. "మీరు దీన్ని రోజూ నడుపుతారా?" అని ఒక్కడైనా ముందు అడగలేదు.

నేను అన్నింటికంటే మెత్తటి స్ప్రింగులు పెట్టమన్నాను. ఆపరేషన్ అయిన నడుముకు మెత్తదనం కాక ఇంకేం కావాలి?

"మెత్తటి పరుపు మీద ఎగిరి కూసుంటె ఏమైతది బాపూ?"

"ఏమైతది? మెత్తగుంటది."

"కింది చెక్క తగుల్తది. మన స్పీడ్ బ్రేకర్లకు మెత్తటి స్ప్రింగు మొత్తం కుంగి, చివరికి పోయి గుద్దుతది. గా గుద్దుడే అవ్వకు చీల లెక్క తగిలింది. పాతయి గట్టిగుండి కాదు, చచ్చి మెత్తవడి."

నేను రెండు రోజులు లేని పని కల్పించుకుని బయటే తిరిగాను. ఒప్పుకోలేక కాదు. ఆ మాట చెప్పింది నా బిడ్డ కావడం నాకు కొంచెం గొప్పగా ఉంది, కొంచెం కష్టంగా ఉంది. 

తర్వాత జరిగింది నేను మరిచిపోలేను. పాత షాకబ్జర్ ఎట్లాగూ పారేసేదే కదా, కోసి చూద్దామన్నాను. మేస్త్రీ ముందు చిన్న రంధ్రం పెట్టి లోపలి గాలిని, నూనెను పోనిచ్చి, ఆ తర్వాత గొట్టాన్ని నిలువుగా కోశాడు. మిగిలిన నల్లటి నూనె బల్ల మీద పారింది. నా లెక్క ప్రకారం లోపల ఇంకో బలమైన స్ప్రింగు ఉండాలి. లేదు. ఒక కడ్డీ, దాని చివర నా బొటనవేలంత బిళ్ల, ఆ బిళ్లకు సన్నటి కన్నాలు. కన్నాల మీద మూతలాగా ఉక్కు రేకులు, ఒకదాని మీద ఒకటి, వెంట్రుక మందం. అంతే. మిగిలిందంతా నూనె.

"గింతేనా?" అన్నాను.

"గింతే," అన్నది బిడ్డ. రేకును గోటితో వంచి చూపించింది. చక్రం మెల్లగా కదిలితే నూనె ఆ కన్నాల నుంచి ఓపికగా పోతుంది. పెద్ద దెబ్బ తగిలితే ఈ రేకులు వంగి నూనెకు తొందరగా దారి ఇస్తాయి. చక్రం తిరిగి కిందికి వచ్చేటప్పుడు ఇంకోవైపు రేకులు దారి బిగిస్తాయి, అందుకే స్ప్రింగు ఒక్కసారిగా విదిలించదు.

నేను ఆ రేకును నా అరచేతిలో పెట్టుకుని వెలుతురులోకి పోయాను. ఊపిరి వదిలితే ఎగిరిపోయేటట్టుంది. టన్నుకు మించిన ఇనుము రోడ్డు మీద ఎగరాలని చూస్తుంటే, ఈ కాగితంలాంటి ఉక్కు, ఇంత నూనె కలిసి దాన్ని పట్టి కూర్చోబెడుతున్నాయి. ఎవడో ఒకడు ఎక్కడో కూర్చుని ఈ రేకు ఎంత మందం ఉండాలో ఆలోచించాడు. వాడు నా రోడ్డును చూడలేదు, నా భార్య నడుమును చూడలేదు. అయినా ఆ రెండింటి కోసమే ఆలోచించినట్టుంది. ఇన్నేళ్లు షాకబ్జర్లు విప్పి బిగించాను. నా చేతి కింద ఇంత తెలివి మూసి ఉన్నదని నాకెవరూ చెప్పలేదు. నేను ఎవరినీ అడగలేదు కూడా. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నూనె వాసన అని చెప్పాను.

చివరికి బిడ్డ ఎంచింది ఇది. ఎత్తు కంపెనీ పెట్టినంతే, తగ్గించేది లేదు, పెంచేది లేదు. స్ప్రింగు కంపెనీదానికంటే కొద్దిగా బలమైనది, అంతే. షాకబ్జర్ మాత్రం ఆ స్ప్రింగుకు జోడుగా చేసినది, మీద చిన్న మర ఉండి, తిప్పితే బిగువు పెరిగేది, తగ్గేది. "ఊరేగుట్ల కాదు, రోజు పోవుట్ల సుఖం గావాలె," అన్నది. పార్సిల్ వచ్చింది. మేస్త్రీ బిగించాడు. కారు ఇంకా జాకీల మీద వేలాడుతుండగానే అన్ని బోల్టులు బిగించబోతే బిడ్డ ఆపింది.

"అన్నా, కింద రబ్బరు బుష్షులున్నయి గద. కారు నేల మీద నిలవడ్డంక బిగియ్. గిట్ల బిగిస్తె రబ్బరు ఎప్పటికీ మెలివడే ఉంటది."

"మేడం, లారీకి గివన్ని చూడం."

"గిది లారీ కాదు తమ్మీ," అన్నాను నేను. అంతకుముందు రబ్బర్లు వేయించిన మనిషిని నేనే. మేస్త్రీ నన్ను పైనుంచి కిందికి ఒకసారి చూశాడు.

ఇక మిగిలింది నా భార్య. ఆమె ఒప్పుకుంది గాని తన షరతు తను పెట్టింది. డాక్టర్ నేల మీద కూర్చోవద్దన్నాడు కాబట్టి కుర్చీలో కూర్చుని పొద్దుపోక కొన్ని బీడీలు చేసుకుంటోంది. ఆ చాటతోనే వచ్చి కారు ముందు నిలబడింది. చాటలో కత్తిరించిన తునికాకు, తంబాకు, దారం.

"గిది ఒడిల పెట్టుకుంట. తంబాకు చిందిందా, కారు ఆ గ్రానైటాయనకు, నేను బస్సుకు."

"అవ్వా, కార్ల బీడీలు చేస్తవా?" అన్నది బిడ్డ.

"ఎందుకు చెయ్య? గిన్నేండ్లు నా చేతులు ఊకున్నయా?"

పొద్దున్నే బయలుదేరాం. నేను నా మోకాళ్లతో సహా వెనక దూరాను. వడ్లు ఆరబోసే రోజులు. పెద్దపల్లి దాటగానే రోడ్డు సగం వడ్లదే. కింద పరిచిన నల్ల పట్టాలు, వాటి మీద పచ్చటి బంగారం, బండి ఎక్కకుండా అంచున వరుసగా రాళ్లు. ఆ రాళ్లను చూసి మామూలుగా నేను తిడతాను. వాళ్లకు ఆరబోసుకోవడానికి కల్లం కట్టివ్వనివాణ్ని ఇంకా ఎక్కువ తిడతాను. ఆ రోజు దేన్నీ తిట్టలేదు, చాటనే చూస్తున్నాను.

మొదటి స్పీడ్ బ్రేకర్. గుద్దు లేదు. కాని దాటిన తర్వాత రోడ్డు మీది చిన్న చిన్న గతుకులకు చాటలో తంబాకు సన్నగా వణికింది. కొన్ని పొడి రవ్వలు ఆమె చీర మీద పడ్డాయి.  చీర దులుపుకుని, బిడ్డ దిక్కు చూసింది. బిడ్డ ముఖం తెల్లబోయింది.

సుల్తానాబాద్‌లో చాయ్ హోటల్ పక్కన ఆపింది. "జర ఎక్కువ బిగిచ్చిన బాపూ, రేసుల లెక్క," అని, వంగి ప్రతి చక్రం దగ్గరా మర కొద్దిగా వెనక్కి తిప్పింది. నేను కూడా దిగి, చక్రం వెనక చేయి పెట్టి షాకబ్జర్‌ను పట్టుకున్నాను. వెచ్చగా ఉంది. ఇంజిన్ దగ్గరి వేడి కాదు, వెనక చక్రాల దగ్గర కూడా అంతే.

"ఇదెందుకు వేడెక్కింది బిడ్డా?"

"రోడ్డు కొట్టిన దెబ్బలు ఎటన్న పోవాలె గద బాపూ. నూనె గా కన్నాలల్లనుంచి దూరుకుంట వేడైతది. గట్ల పోతయి."

చేయి తీయలేదు. పెద్దపల్లి నుంచి సుల్తానాబాద్ దాకా ఉన్న ప్రతి గతుకు, ప్రతి కుప్ప, నా భార్య వెన్నులోకి పోవలసిన ప్రతి దెబ్బ నా అరచేతిలో వెచ్చదనంగా ఉంది. అక్కడ రోడ్డు పక్కన ఎంతసేపు అట్లా వంగి ఉన్నానో తెలియదు. "చాయ్ చల్లారుతుంది, ఆయన చక్రానికి మొక్కుతుండా?" అని నా భార్య కారులోంచి అరిచింది. మొక్కినా తప్పు లేదనిపించింది.

మళ్లీ బయలుదేరాం. ఈసారి చిన్న గతుకులు వినపడ్డాయి గాని తగలలేదు. ఒక ఊరి దగ్గర మా సగం రోడ్డు మీద వడ్లు, ఎదురుగా ఇసుక లారీ. లారీవాడు తగ్గడు, వడ్ల మీదికి పోతే రైతు కడుపు కొట్టినట్టే. బిడ్డ వడ్ల పట్టా మొదలయ్యే ముందే ఎడమకు కోసి, ఎడమ చక్రాలను తారు అంచు నుంచి మట్టిలోకి దించింది. జానెడు లోతు. నేను కళ్లు మూసుకుని ముందు సీటును పట్టుకున్నాను. కారు ఒక పక్కకు మెల్లగా ఒరిగింది గాని ఎగరలేదు. చక్రాలు ఒక్కొక్కటీ మట్టిలోకి దిగి, వాటి పాటికి అవి కింద పరుగెత్తి, వడ్లు దాటాక మళ్లీ తారు ఎక్కాయి. మేమంతా పైన, ఆ సంగతి మాది కానట్టు, అట్లాగే పోతున్నాం. కళ్లు తెరిచి చూస్తే నా భార్య ఆకులో తంబాకు పోసి, అంచు మడిచి, చుట్టి, దారం కట్టి, నోటితో కొస తెంపింది. ఆ బీడీని చాట అంచున పెట్టింది. కిటికీలోంచి బయటికి చూసి అడిగింది:

"ఆ లారీ ఏందే, గంత దగ్గర్కి వచ్చింది?"

బిడ్డ రెండు చేతులూ స్టీరింగ్ మీదే ఉన్నాయి, ముక్కు ఎగపీలుస్తోంది. ఈసారి అక్కడ నూనె వాసన కూడా లేదు.

కరీంనగర్ పొలిమేర చేరేటప్పటికి చాటలో ఆకు అయిపోయింది. ఆమె చాటను కాళ్ల దగ్గర పెట్టుకుని, సీటుకు ఆనుకుని కళ్లు మూసుకుంది. ఆపరేషన్ తర్వాత ఏ బండిలోనూ ఆమె అట్లా ఒళ్లు వదిలి కూర్చోవడం నేను చూడలేదు. సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. గ్రానైట్ ఆయనే. కోతలు అయిపోవచ్చినయి కదమ్మా, ఎప్పుడు రమ్మంటరని కారులో స్పీకర్‌లో ఆయన గొంతు గట్టిగా వచ్చింది. బిడ్డ తల్లి దిక్కు చూసింది, అద్దంలో నా దిక్కు చూసింది. 

నా భార్య కళ్లు తెరవలేదు.

"ఇయ్యం అని చెప్పు," అన్నది. "మల్ల గాయన గొంతు జర తగ్గియ్యి. నాకు నిద్ర వస్తుంది."